నట్లు దొరికే మూల

మా షెడ్డులో ఏ వస్తువు చేయి జారినా వెతకాల్సిన చోటు ఒక్కటే. లోపలికి వెళ్లగానే కుడిచేతి వైపు చివరి మూల, నీళ్లు పోయే తూము దగ్గర. నట్టు పడనీ, బోల్టు పడనీ, నా దారపు ఉండ పడనీ, తనకు తెలిసిన ఇంటికి పోయినట్టు దొర్లుకుంటూ పోయి అక్కడే కూర్చుంటుంది. మా ఆయన ఉన్న రోజుల్లోనూ అంతే. మా అబ్బాయి చేతికి షెడ్డు వచ్చాకా అంతే. "అమ్మా, ఇక్కడే పెట్టిన నట్టు కనిపించడం లేదు" అంటాడు వాడు. "మూల చూడరా" అంటాను నేను. దొరుకుతుంది. ఇంతమందిమి ఇన్నేళ్లు ఆ మూలకు నడిచాం గానీ, అది అక్కడికే ఎందుకు పోతుందని ఒక్కరమూ ఆగి అనుకోలేదు. అనుకుని ఉంటే ఆ ఎండాకాలం మా ఇంట్లో అలా గడిచేది కాదు.

అప్పుడు నా మనవరాలికి ఇరవై రెండు దాటి ఇరవై మూడు నడుస్తోంది. తుక్కు కింద పోవాల్సిన ఒక పాత కారును తండ్రీకూతుళ్లు రెండేళ్లపాటు ఊడదీసి, మళ్లీ కట్టి, రేసులకు తయారు చేశారు. కారు తయారు చేసేది తండ్రి, నడిపేది కూతురు. ఎండాకాలం మూడు నెలల్లో ఆరు రేసులు. ఆరూ పూర్తి చేసినవాళ్లకు పై తరగతి లైసెన్సు ఇస్తారు. ఇరవై మూడు నిండితే ఆ మొదటి తరగతిలో చోటుండదు. అంటే దానికి ఉన్నది ఆ ఒక్క ఎండాకాలమే. పైగా ఒక మెలిక పెట్టారు. కారుకు ఎనిమిది టైర్లే. ముందుగానే వాటి మీద పసుపు రంగు ముద్ర వేసి ఇస్తారు. తొమ్మిదో టైరు వేసుకుంటే పరుగెత్తనిస్తారు గానీ, లైసెన్సు మాట మరిచిపోవాల్సిందే.

"ఎనిమిది చాలమ్మా. ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపితే రెండు మిగులుతాయి కూడా" అన్నాడు మావాడు. మొదటి రేసుకు ముందు అన్నమాట అది.

మొదటి రేసు నుంచి వచ్చిన సాయంత్రం ఎడమ వైపు ముందు టైరు విప్పి, షెడ్డు గుమ్మంలో కూర్చున్న నా ముందుకు దొర్లించాడు. నాకు చదువు లేకపోయినా కళ్లున్నాయి. లోపలి వైపు గాట్లు కొత్తదానిలాగే ఉన్నాయి. బయటి అంచు మాత్రం బోడిగుండు.

"ఇదేమిట్రా, క్షవరం సగంలో ఆపేసినట్టు?"

"మలుపు తిరిగేటప్పుడు కారు బయటి వైపుకి ఒరుగుతుందమ్మా. బరువంతా బయటి చక్రం మీద పడుతుంది. అందులోనూ దాని బయటి అంచు మీద. ఆ ట్రాక్‌లో కుడి మలుపులే ఎక్కువ. అందుకని ఎడమ టైరు."

"చంకన పిల్లాణ్ణి వేసుకుని తిరిగినదాని చెప్పులాగా అన్నమాట. నిన్ను మోసినన్నాళ్లూ నా ఎడమ చెప్పు ఇలాగే అరిగేది. మూడేళ్లొచ్చినా దిగేవాడివి కాదు."

"ఇప్పుడు మాత్రం దిగాడా నానమ్మా?" అంది పిల్ల కారు కింద నుంచి. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఎండాకాలంలో ముగ్గురం కలిసి నవ్వుకున్న రోజులు లెక్కపెడితే చేతి వేళ్లు కూడా ఎక్కువే.

దానికి మందు ఉందన్నాడు మావాడు. ముందు చక్రాల పైభాగాన్ని కాస్త లోపలికి వాల్చి బిగించాలట. దాన్ని క్యాంబర్ అంటారట. కారు మామూలుగా నిలబడినప్పుడు చక్రం లోపలికి వాలి ఉంటుంది. మలుపులో కారు ఒరిగేసరికి ఆ వాలు చెల్లుకు చెల్లయి టైరు మొత్తం నేలకు ఆనుతుంది. వినడానికి ఎంతో తేలిక.

మర్నాడు కొలతలు మొదలయ్యాయి. వాడి దగ్గర జానెడు ఇనుప బద్ద ఉంది. దాని మధ్యలో గాజు గొట్టం, ఆ గొట్టంలో ఒక బుడగ. చక్రానికి ఆనించి, బుడగ ఏ గీత మీద నిలిచిందో చూసి, పైన బోల్టు వదులు చేసి, జరిపి, మళ్లీ బిగించి, మళ్లీ చూడాలి. నడిపేవాళ్లు సీట్లో కూర్చుని ఉండాలి. ఆ బరువుకు కారు ఎంత కిందికి దిగుతుందో అంతా లెక్కేనట.

"కదలకు" అన్నాడు తండ్రి.

"ఊపిరైనా పీల్చుకోవచ్చా నాన్నా?"

"మెల్లగా పీల్చు."

ఆ తర్వాత నా కుట్టు పెట్టెలోంచి దారపు ఉండ పట్టుకుపోయాడు. కారుకు రెండు వైపులా దారం లాగి కట్టి, చక్రాల ముందంచూ వెనకంచూ దారానికి ఎంత దూరంలో ఉన్నాయో స్కేలుతో కొలిచాడు. ముందుకు చూడాల్సిన చక్రాలు పక్క చూపులు చూస్తే కూడా టైరు అరుగుతుందట. ఆ లెక్కా సరిపోయింది. లేచి చేతులు తుడుచుకుని, కాలితో నేల మీద తట్టాడు.

"రెండు వైపులా ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు. అయినా నాన్న పోసిన గచ్చమ్మా ఇది. నలభై ఏళ్లయినా ఒక్క పగులుందా చూడు. ఇలాంటి నేల పెద్ద పెద్ద షాపుల్లో కూడా ఉండదు."

మా ఆయన్ని మెచ్చుకుంటే నాకు మాత్రం చేదా? అవునురా అన్నాను.

రెండో రేసులో మళ్లీ అదే అంచు పోయింది. ఇంకాస్త వాల్చాడు. మూడో రేసులో ఎడమ టైరు బయటి అంచు పోనే పోయింది, దానికి తోడు కుడి టైరు లోపలి అంచు కూడా అరగడం మొదలైంది. మూడు రేసులకే నాలుగు టైర్లు పనికిరాకుండా పోయాయి. మావాడు ఆ రెండు టైర్లనూ పక్కపక్కన నిలబెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు లెక్క తప్పినప్పుడు పలక వైపు అలాగే చూసేవాడు, పలకదే తప్పన్నట్టు.

"చేతులు" అన్నాడు చివరికి.

"ఏంటి?" అంది పిల్ల.

"నీ చేతులు. మలుపులో స్టీరింగ్ ఒక్కసారిగా లాగేస్తున్నావు. మెల్లగా తిప్పాల్సింది గిరుక్కున తిప్పితే టైరు ఏడవక ఏం చేస్తుంది?"

"నేను లాగట్లేదు నాన్నా. కారే లాగుతోంది. తిన్నని దారిలో చేతులు వదిలితే ఎడమకి పోతోంది. రెండు చక్రాలూ ఒకేలా లేవు."

"రెండూ ఒకేలా ఉన్నాయి. నీ ముందే కొలిచాను."

"కొలిచావు. అయినా లేవు."

"బుడగ అబద్ధం చెప్పదు."

"అంటే నేను చెప్తున్నానా?"

వాడు చేతిలోని స్పానరు పెట్టెలో పడేశాడు. పిల్ల చేతి తొడుగులు విప్పి, మడత పెట్టి, కారు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. మా ఇంట్లో అరుపులు వానాకాలపు మబ్బుల్లాంటివి, కురిసి వెలిసిపోతాయి. మడత పెట్టిన కోపాలే బీరువాలో బట్టల్లా ఏళ్లకేళ్లు ఉంటాయి.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో రాయబారానికి నేను దొరికాను.

"నానమ్మా, మీ అబ్బాయికి చెప్పు. ఎడమ చక్రం ఇంకా లోపలికి వాల్చమను. కుడిది కాస్త నిటారుగా పెట్టమను."

పదడుగుల దూరంలో ఉన్న మా అబ్బాయికి చెప్పాను.

"అమ్మా, నీ మనవరాలికి చెప్పు. రెండు చక్రాలకు రెండు కొలతలు పెడితే అది కారు కాదు, కుంటి గుర్రం. నా చేత్తో అలాంటి పని చేయనని చెప్పు."

మనవరాలికి చెప్పాను. పిల్ల చెప్పిందే నిజమని ఇప్పుడు తెలుసు. స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్లకు ఒళ్లే చెబుతుంది. ఆ రోజు మాత్రం నాకు వాళ్లిద్దరి మాటలూ మోసీ మోసీ కాళ్లు పీకడం తప్ప ఏమీ తెలియలేదు.

నాలుగో రేసుకు ముందు మళ్లీ కొలవాల్సి వచ్చింది. సీట్లో కూర్చోమని కూతుర్ని పిలవడానికి వీడికి నోరు రాలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మా, అదెంత బరువుంటుంది?"

"నీ కూతురే కదరా. నువ్వే అడుగు."

"నువ్వడుగు."

అడగక్కర్లేకుండానే వంటింట్లోంచి సమాధానం వచ్చింది. "యాభై నాలుగు. కోపంతో కలిపి యాభై అయిదని చెప్పు నానమ్మా."

వాడు రెండు గోనె సంచుల్లో ఇసుక నింపి, తూచి, సీట్లో పెట్టి, బెల్టు కూడా కట్టాడు. సంచులు కదలలేదు, ఊపిరి పీల్చలేదు, ఎదురు చెప్పలేదు. నా కోడలు టీ తెచ్చి, ఆ సంచుల్ని ఓసారి చూసి, "అత్తయ్యా, మీ అబ్బాయికి కావలసిన కూతురు ఇదిగో, దొరికింది" అంది. మావాడు టీ తాగకుండానే కారు కిందికి దూరాడు.

నాలుగో రేసు కూడా అయింది. వెనక టైర్లు ముందుకు తెచ్చారు, ఉన్నవాటిలో మంచివి ఏరారు, ఎనిమిదింటినీ చెరుకు పిప్పిలా పిండారు. అయిదో రేసుకు నేనూ వెళ్లాను. ఇంట్లో కూర్చుని గుమ్మం వైపు చూడటం ఇక నా వల్ల కాలేదు.

ఎండకు తారు మెత్తబడి వాసన వేస్తోంది. కార్లు ముందు నుంచి పోతుంటే గుండెల్లో రోలు తిప్పినట్టుంది. పిల్ల కారు పది చుట్లు చక్కగా తిరిగింది. పదకొండో చుట్టులో నెమ్మదించింది. పన్నెండో చుట్టుకు లోపలికి వచ్చేసింది. ఎడమ ముందు టైరు బయటి అంచున రబ్బరు పోయి, తెల్లటి పోగులు బయటపడ్డాయి. చిరిగిన మోకాలి దగ్గర ఎముక కనిపించినట్టు ఉంది. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

టైర్ల మీద ముద్రలు చూసే ఆయన అట్ట పట్టుకుని వచ్చాడు. మంచివాడే పాపం. "అమ్మాయీ, ముద్ర ఉన్నది ఇంకేమైనా ఉందా?" అన్నాడు.

లేదని పిల్ల తల ఊపింది.

"ముద్ర లేనిది వేసుకుని వెళ్లొచ్చు. కానీ..."

"తెలుసండీ."

ఆగిపోతే రేసు పూర్తి కానట్టు. తొమ్మిదోది వేసుకుంటే లెక్కలోకి రానట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్ల హెల్మెట్ తీసి, తండ్రి వైపు చూసింది. ఏదో ఒకటి అంటాడని చూసింది. వాడు టైరు వైపే చూస్తూ నిలబడ్డాడు. అది కారు దిగి, నా పక్కన వచ్చి కూర్చుని, "నీళ్లున్నాయా నానమ్మా?" అంది. ఇచ్చాను. తాగింది.

మర్నాడు పొద్దున షెడ్డు కడగడానికి బకెట్టూ చీపురూ పట్టుకుని వెళ్లాను. ఇంట్లో మనసు బాగోనప్పుడు నాకు తెలిసిన పని అదొక్కటే, కడగడం. మావాడు అప్పటికే అక్కడ ఉన్నాడు. కారు దాని చోట ఎప్పటిలాగే ఉంది. సీట్లో ఇసుక సంచులు. చక్రానికి ఇనుప బద్ద ఆనించి, ఆ బుడగ వైపు చూస్తూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేదు మొహం.

"ఇంకా ఏం కొలుస్తావురా? అయిపోయింది కదా."

"రెండూ ఒకటేనమ్మా. ఇప్పటికీ ఒకటే. నాకేం అర్థం కావట్లేదు."

వాడు అలా అనడం నేను అదే మొదటిసారి వినడం. జాలేసింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "అసలు ఆ బుడగ దేన్ని చూసి చెబుతుందిరా?" అన్నాను.

"నిట్టనిలువును బట్టి చెబుతుందమ్మా. నేల సమంగా ఉంటే, చక్రం ఎంత వాలిందో చెబుతుంది."

"సమంగా ఉంటే కదూ" అంటూ నేను అలవాటుగా బకెట్టు వంచాను.

నీళ్లు కారు కిందికి పరుచుకున్నాయి. ఒక్క క్షణం ఎటు పోవాలో ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా కుడి వైపుకి కదిలాయి. సబ్బు నురగనూ, సంచుల్లోంచి రాలిన ఇసుకనూ వెంటేసుకుని, ఎడమ చక్రం దగ్గర నుంచి కుడి చక్రం దగ్గరికి, అక్కడి నుంచి మూలకు, తూములోకి. నేను చీపురు ముట్టుకోనే లేదు. ఆ షెడ్డులో నీళ్లను ఎప్పుడూ నెట్టక్కర్లేదు. అవే పోతాయి.

మావాడు నీళ్లనే చూస్తున్నాడు. జేబులోంచి ఒక నట్టు తీసి, తడి లేని చోట అంచు మీద నిలబెట్టి వదిలాడు. అది వాడి కళ్ల ముందే దొర్లుకుంటూ దొర్లుకుంటూ వెళ్లి మూల కూర్చుంది.

"అమ్మా, ఈ గచ్చు వాలుగా ఉంది."

"ఉండదూ మరి? నేనేగా పోయించింది."

చెప్పాను. వాడికి రెండేళ్లప్పుడు షెడ్డులో నీళ్లు నిలిచి పాచి పట్టేది. చంకలో వాడితో సహా జారిపడ్డాను. వాడికి గీత పడలేదు, నా నడుం పట్టేసింది. మంచం మీద నుంచే మా ఆయన్ను పోరు పెట్టాను, నీళ్లు నిలవకుండా చేస్తేనే ఆ షెడ్డులో అడుగు పెడతానని. ఆయన సణుక్కుంటూ పాత గచ్చు పగలగొట్టి, తూము వైపుకి వాలు పెట్టి, అద్దంలా నున్నగా మళ్లీ పోశాడు. నునుపు చూసి మావాడు సమం అనుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నన్నడిగిందెవరురా? ఈ మూడు నెలల్లో ఈ ఇంట్లో నన్ను అది చెప్పు, ఇది చెప్పు అన్నవాళ్లే గానీ, నీకేమైనా తెలుసా అన్నవాళ్లు ఒక్కరున్నారా? అయినా ఇది నీకు తెలియందా? ఈ నేల మీద గోళీలాడి వీధి పిల్లలందరి గోళీలూ నువ్వే గెలుచుకునేవాడివి. మూలకు గురి పెట్టి కొట్టేవాడివి."

వాడు తడి నేల మీదే చతికిలబడ్డాడు. కోపంగానే అన్నాను గానీ, నా కోపం వాడి మీద కాదు. రోజూ పొద్దున్నే ఆ నీళ్లు అటు పోవడం చూస్తూనే ఉన్నాను కదా. ఆ బుడగ దేనికోసమో ఒక్క నెల ముందు అడిగి ఉంటే నా నోటి ముత్యాలేం రాలిపోయేవి? ఇప్పటికీ తలుచుకుంటే చీపురు తిరగేసి నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

తాపీ పనివాళ్లు వాడే సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, రెండు వైపులా పట్టి చూశాడు. కుడి వైపు వేలి మందం పైనే కిందికి ఉంది. కుడి చక్రాల కింద పలకలు పేర్చి, కారును సమం చేసి, మళ్లీ బుడగ పెట్టాడు. ఎడమ చక్రం ఉండాల్సినదానికన్నా నిటారుగా ఉంది. కుడిది మరీ లోపలికి వాలి ఉంది. పిల్ల చెప్పింది చెప్పినట్టే.

అది కాలేజీ సంచీ తగిలించుకుని బయటికి పోతూ షెడ్డు ముందు ఆగింది. పలకలు చూసింది. నీళ్ల గొట్టం చూసింది. దానికి వివరించాల్సిన పని లేదు.

మావాడు లేచి, సీటు బెల్టు విప్పి, ఇసుక సంచులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి తీసి గోడ దగ్గర పడేశాడు.

"అమ్మా, దాన్ని వచ్చి కూర్చోమను" అన్నాడు.

నేను చీపురు అందుకున్నాను. నా రాయబారం చాలించుకున్నాను.

ఇక తప్పక వాడే అన్నాడు. "వచ్చి కూర్చో."

"ఎందుకు? ఇక లెక్కలోకి రాదుగా."

"రాదు."

"అయిదు రేసులు నాన్నా."

పిల్ల చాలాసేపు అలాగే నిలబడింది. వెళ్లిపోతుందేమో అనుకున్నాను. వెళ్లిపోయినా నేను తప్పు పట్టేదాన్ని కాదు. చివరికి సంచీ నా చేతికిచ్చి, చెప్పులు విప్పి, వెళ్లి సీట్లో కూర్చుంది.

"లైసెన్సు కోసం కాదు" అంది అద్దంలోంచి ముందుకే చూస్తూ. "చేతులో చక్రాలో తేలాలి."

"కదలకు" అన్నాడు తండ్రి. ఈసారి ఊపిరి గురించి ఎవరూ అడగలేదు.

ఆరో రేసులో ముద్ర లేని టైర్లతో పరుగెత్తింది. ఏడో స్థానంలో వచ్చింది. చివరి చుట్టులో ఇద్దరిని దాటిందని కోడలు ఇంటికొచ్చి చేతులు తిప్పుతూ చెప్పింది. దాని పేరు మాత్రం వాళ్ల లైసెన్సుల పట్టికలో రాయలేదు.

సాయంత్రం ఎడమ టైరు విప్పి, షెడ్డు మధ్యలో పడుకోబెట్టింది పిల్లే. తండ్రి వంగి, లోపలి అంచు నుంచి బయటి అంచుకు, బయటి అంచు నుంచి లోపలికి అరచేత్తో తడిమాడు. జ్వరం చూసినట్టు చూశాడు. నేనూ తడిమాను. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. చక్కగా దువ్విన తలలా ఉంది.

"చేతులా, చక్రాలా?" అంది పిల్ల.

"చేతులే" అన్నాడు. కాసేపు టైరు మీద నుంచి చెయ్యి తీయలేదు. "నావి."

దానికి ఇరవై మూడు నిండాయి. ఆ కారు వేరేవాళ్లు కొనుక్కుపోయారు. ఇప్పుడు రేసుల కుర్రాళ్లు చక్రాలు సరిచేయించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో మా షెడ్డుకి వస్తారు. వచ్చేది తండ్రి కోసం కాదు, నా మనవరాలి కోసం. అది బుడగ ముట్టుకునే ముందు నీళ్ల గొట్టం పట్టుకుంటుంది. నడిపేవాళ్లు చక్రం లాగుతోందని చెబితే చెప్పింది మొత్తం వింటుంది. ఇసుక సంచులు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. గచ్చు పగలగొట్టి సమంగా పోయిద్దామా అని ఓసారి అడిగాను. "వద్దు నానమ్మా, పడిపోయినవి ఎక్కడ వెతుక్కోవాలి మళ్లీ" అంది.

నిజమే. ఏది చేయి జారినా ఇప్పటికీ ఆ మూలే దొరుకుతుంది. నా మనవరాలి చేయి జారిన ఆ ఎండాకాలం ఒక్కటే దొరకలేదు.